తొమ్మిది ఫలాల్ల ఆఖరి దాని గురించి జర మాట్లాడుకుందాం

బైబిల్‌ల పౌలు రాసిన గలతీ పత్రిక అయిదో అధ్యాయంల ఉన్న తొమ్మిది ఆత్మ ఫలాల (దేవుని ఆత్మ మనిషిల పుట్టించే గుణాల) లిస్టు మన సండే స్కూల్ పిల్లలు గుక్క తిప్పుకోకుండ చెప్తరు. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము అనుకుంట పోయి ఆశానిగ్రహము, అంటే ఆశను అణుచుకునుడు, కాడికి వచ్చేసరికి పిల్లలకు ఊపిరి అయిపోతది, పెద్దోళ్లకు ఇంట్రెస్ట్ అయిపోతది. ప్రేమ మీద ప్రసంగాలు మస్తున్నయ్, సంతోషం మీద పాటలున్నయ్, సమాధానం మీదనైతే గోడ క్యాలెండర్లు, బండి స్టిక్కర్లు, వాట్సాప్ స్టేటస్‌లు. ఆఖరి దానికి మాత్రం మా దిక్కు, అంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టూ నేను తిరిగిన చర్చిలల్ల, అర్థం ఒక్కటే. మందు బంద్ చేసుడు.

ఫలానా ఆయన మారుమనసు పొందిండట అని ఎవరన్న అంటే వెంటనే వచ్చే ప్రశ్న "అవునా, తాగుడు బంద్ చేసిండా?" అని. నోరు మంచిగైందా, తీసుకున్న అప్పులు కడ్తుండా, ఇంట్ల కేకలేసుడు తగ్గిందా అని ఎవరూ అడగరు. తాగుడు బంద్ అయితే చాలు, ఆయనకు ఒక ఆదివారం మైకు ఇస్తం, సాక్ష్యం (దేవుడు నన్నెట్ల మార్చిండో అని అందరి ముందట చెప్పుడు) చెప్పిస్తం, మరుసటి ఏడు కమిటీల కూడ పెడ్తం.

దీన్ని నేను ఎక్కిరిస్తలేను. ఎందుకొచ్చింది ఈ లెక్క అంటే దానికి కారణం ఉంది. మన పక్కనే డోర్నకల్ ఉంది గదా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, ఇంతకుముందు వరంగల్ జిల్లానే. 1912ల అక్కడ బిషప్ అయిన అజరయ్య గారు మొత్తం ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్, తిరునెల్వేలి దిక్కు నుంచి వచ్చిన తమిళాయన, మన పల్లెలల్ల ఏండ్లకేండ్లు తిరిగిండు. పల్లెల్ని పీడించే దయ్యాలు నాలుగని చెప్పేటోళ్లట ఆయన: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆ కాలంల వెట్టి చేసుకుంట బతికే మాల మాదిగ వాడలల్ల రోజు కూలి కల్లు దుకాణంలకే పోతుంటే పిల్లల నోట్లెకు ఏం పోతది. అందుకే క్రైస్తవుడు అయిండు అంటే తాగడు అన్న గుర్తు మన తాతలకు చిన్న విషయం కాదు, కొన్ని కుటుంబాలు బడి మొఖం చూసింది, ఇంత జాగ కొనుక్కున్నది దాని మీదనే.

అయితే ఆయన చెప్పినయి నాలుగు, మనం పట్టుకున్నది ఒక్కటి. అప్పు దయ్యాన్ని ఎవరు వెళ్లగొట్టిండ్రు చెప్పుండ్రి. బిడ్డ పెండ్లికి ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, మూడు రకాల బిర్యానీ, దానికోసం చిట్టీలు ఎత్తుడు, ఫైనాన్స్‌ల తెచ్చుడు, తర్వాత ఏండ్ల తరబడి వడ్డీలు కట్టుకుంట ముఖం దాచుకొని తిరుగుడు. ఆ పెండ్లికి పాస్టరయ్య గారు వచ్చి ప్రార్థన చేస్తరు, ఒక్క సుక్క మందు పొయ్యలేదు, సాక్ష్యంగల పెండ్లి అని మెచ్చుకుంటరు కూడ. ఆశను అణుచుకునుడు అంటే ఇదీ అందులదే గదా అని నేను ఒకసారి అంటే, పక్కన కూసున్న పెద్దమనిషి "ఇజ్జత్ గురించి బాబూ, అది వేరే" అన్నడు. వేరే ఎట్ల అయితదో నాకు ఇప్పటికీ సమజ్ కాలే.

శుక్రవారం ఉపవాస ప్రార్థనల సంగతి చూడుండ్రి. పొద్దుగాల నుంచి రెండు దాక పాటలు, వాక్యం, కన్నీళ్ల ప్రార్థన, అంతా మంచిగనే ఉంటది. ఆమెన్ అన్నంక బగారా అన్నం, చికెన్ కూర, వడ్డించే కాడ నెట్టుకునుడు, నాకు లెగ్ పీస్ రాలే అని మూతి ముడుచుకునుడు. (బగారా మీద నాకు కోపం లేదు, దయచేసి ఎవరూ బంద్ చేయించకుండ్రి.) ఇగ కమిటీ ఎలక్షన్లు వస్తే చూడాలె. గలతీ అయిదులనే ఫలాలకు ముందు శరీర కార్యాలు అని ఇంకో లిస్టు ఉంది, దాంట్ల మత్తతలు ఉన్నయ్, నిజమే, కని వాటికంటె ముందు కలహాలు, మత్సరాలు, క్రోధాలు, కక్షలు, భేదాలు వరుసగ ఉన్నయ్. మత్తు ఒక్కటి, లొల్లి పెట్టుకునుడు అన్ని రకాలు. పౌలు ఏదో మన పాస్టరేట్ (ఒక పాస్టర్ కింద ఉండే చర్చిల) ఎలక్షన్ చూసి రాసినట్టే ఉంటది. తాగి చర్చికి వచ్చినోణ్ని బయటికి పంపుతం, పక్కోని మీద కక్ష పెట్టుకొని ఏండ్ల తరబడి ముందు బెంచిల కూసునేటోనికి మాత్రం కానుక సంచి చేతికిస్తం.

ఇప్పటి పోరగాళ్లది ఇంకో కథ. వాళ్లల్ల మస్తుమంది తాగరు, సిగరెట్ ముట్టరు, యూత్ మీటింగ్‌ల గిటార్ కొడ్తరు, అందుకే ఇంట్లోళ్లు కూడ నిశ్చింతగ ఉంటరు. ఫోన్ల ఏం నడుస్తుందో ఎవరికి తెలుసు. తెలంగాణల ఆన్‌లైన్ పైసల ఆటలు 2017లనే బంద్ పెట్టిండ్రు, చట్టం మార్చి మరీ పెట్టిండ్రు, అయినా ఫోన్ల లొకేషన్ మార్చి ఆడేటోళ్లు ఆడుకుంటనే వచ్చిండ్రు, ఐపీఎల్ వచ్చిందంటే బెట్టింగ్ యాప్‌లల్ల ఫీజు పైసలు పెట్టి పోగొట్టుకున్న పిల్లల తల్లిదండ్రులు మా చర్చిలనే ఉన్నరు. ఇంకా అశ్లీల వీడియోల సంగతి, దాని గురించి ఒక్క పాస్టర్ గూడ నోరిప్పడు, పిల్లలు ఎవరికీ చెప్పుకోరు.

సరే, సమస్య ఉంది అని అందరూ ఒప్పుకుంటరు. దానికి ఏం చెయ్యాలె అన్న కాడనే నాకు మనోళ్లతోని పేచీ.

ఒక గుంపు ఏమంటదంటే, అంతా ప్రార్థనతోనే పోతది, తైలం రాసి తల మీద చెయ్యి పెడితే ఆ చెడ్డ ఆత్మ అప్పుడే విడిచిపోతది, మళ్ల వచ్చిందంటే నీకు విశ్వాసం లేనట్టు. ఇంకో గుంపు, వీళ్లు జర చదువుకున్నోళ్లు, మనసు గట్టిగ ఉండాలె బ్రదర్, నేను చూడు ఇన్నేండ్ల సంది ఒక్క సినిమా చూడలే, అంతా డిసిప్లిన్ అంటరు. బయటికి ఈ రెండు గుంపులకు పడదు. కని ఇద్దరూ నమ్మేది ఒక్కటే, నిగ్రహం అనేది ఆ శోధన, అంటే ఆశ గుంజుడు, వచ్చిన నిమిషంలనే తేలుతది అని. ఒకరు ఆ నిమిషంల దేవుని శక్తి దిగుతది అంటరు, ఇంకొకరు ఆ నిమిషంల పండ్లు బిగబట్టు అంటరు.

నేను చెప్పేదేందంటే ఆ నిమిషం వచ్చేవరకే ఆట సగానికి పైన అయిపోయి ఉంటది. గ్లాసు చేతికి వచ్చినంక, ఫోన్ దుప్పట్లెకు వచ్చినంక, నోట్లె మాట సగం బయటికి వచ్చినంక ఇగ నిగ్రహం ఎక్కడిది. ఆశానిగ్రహం పొద్దుగాల చేసే పని, మొన్న చేసే పని, పోయిన నెల జీతం వచ్చిన నాడు చేసే పని. బైబిల్‌ల నాకు మళ్ల మళ్ల కనపడేది కూడ అదే.

ప్రభువు నేర్పించిన ప్రార్థన చూడుండ్రి. శోధనల నేను నిలబడేటట్టు కండలియ్యి అని లేదు, మమ్మును శోధనలోకి తేక అని ఉంది. అక్కడిదాకనే పోనియ్యకు అని. గెత్సేమనే తోటల, యేసును పట్టుకపోయిన రాత్రి, ఆయన శిష్యులకు చెప్పింది కూడ అదే మాట, శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి అని. వాళ్లు పండుకున్నరు. తెల్లారకముందే వాళ్లల్ల ఒకడైన పేతురు, మంట కాడ యేసు గురించి అడిగితే, ఆ మనిషిని నేనెరుగను అన్నడు. మనం ప్రసంగాలల్ల పేతురు మంట కాడ పడ్డడు అంటం గని, నన్నడిగితే పేతురు పడ్డది తోటల నిద్రపోయినప్పుడు, మంట కాడ ఆ సంగతి బయటపడ్డదంతే. యోసేపు సంగతి ఇంకా సాఫ్ ఉంది. యజమాని పోతీఫరు పెండ్లాం తనతోని పండుకో అని బట్ట పట్టుకుంటే నిలబడి ఆమెకు వాక్యం చెప్పలే, నేనెంత గట్టోణ్నో చూడు అనలే, అంగీ ఇడిచిపెట్టి ఉరికిండు. అంతకుముందు కూడ ఆమె రోజూ అడుగుతుంటే ఆమెతో ఉండుడుకు కూడ ఒప్పుకోలే అని రాసి ఉంది. ఏశావు ఉల్టా. అడివి నుంచి ఆకలితోని అలసిపోయి వచ్చి, ఎదురుంగ ఎర్రెర్రగ కూర ఉడుకుతుంటే అక్కడ కూసొని ఆ కూర కోసం తమ్మునితోని జ్యేష్ఠత్వం, అంటే పెద్దకొడుకు హక్కు, బేరం పెట్టుకున్నడు. మన తెలుగు బైబిల్‌ల అది చిక్కుడుకాయల వంటకం. ఆకలైనప్పుడు, నిద్ర లేనప్పుడు, పైసల టెన్షన్ల ఉన్నప్పుడు పెద్ద బేరాలు చెయ్యొద్దు అని ఆ కథల నుంచి ఎవరన్న ప్రసంగం చేస్తే బాగుండు అని నాకు ఎప్పుడూ అనిపిస్తది.

రోమా 13 చివర్ల పౌలు, శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి అంటడు. అంటే ముందుగాల్నే ఏర్పాట్లు చేసి పెట్టుకోకు అని. మనమేమో అన్ని ఏర్పాట్లు చేసుకుంటం. ఫ్రిజ్ నింపి పెట్టుకొని ఉపవాసం, బెట్టింగ్ గ్రూపుల నుంచి ఎగ్జిట్ కాకుండ బెట్టింగ్ మానుడు, పాత దోస్తుల దావత్‌కు పోయి సాఫ్ట్ డ్రింక్ తాగుత అనుడు.

సామెతల గ్రంథం 25ల ఒక వాక్యం ఉంది, అది మన ఓరుగల్లోళ్లకు సమజ్ అయినంతగ ఇంకెవరికీ కాదేమో. ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడును అంతే. మన ఖిలా వరంగల్ చూడనోళ్లు ఎవరున్నరు. బయట మట్టి కోట, దానికి కందకం, లోపల రాతి కోట, ఆ రాతి గోడకు 45 బురుజులు. గణపతిదేవుడు మొదలుపెడితే బిడ్డ రుద్రమదేవి పూర్తి చేసింది అంటరు, అంటే ఒక తరంల అయిన పని కాదు. శత్రువు గుర్రాల దుమ్ము కనపడ్డంక ఎవరూ గోడ కట్టరు, ఏ లొల్లి లేని దినాలల్ల, పంటలు మంచిగ పండిన దినాలల్ల రాయి మీద రాయి పేర్చిండ్రు. ఇంకో ముచ్చట, ఆ గోడకు దర్వాజలు కూడ ఉన్నయ్. ఊరంతా మూసిపెట్టుకొని కూసుంటే లోపలోళ్లు ఆకలికి చస్తరు, వడ్లు రావాలె, వ్యాపారులు రావాలె, చుట్టాలు రావాలె. ఎవరిని ఎప్పుడు రానియ్యాలె అన్నది కావలోని పని. కీర్తన 141ల దావీదు నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము అని అడిగింది కావలే గని నోరు కుట్టెయ్యమని కాదు. మనోళ్లు చాలామంది నిగ్రహం అంటే దర్వాజ లేని గోడ అనుకుంటరు, నవ్వొద్దు, పండుగకు పోవద్దు, మంచి బట్ట కట్టొద్దు. అంత గట్టి కోట కూడ 1323ల ఢిల్లీ సైన్యానికి పడిపోయింది, అది మరిచిపోవద్దు, ఏర్పాట్లు అన్నీ చేసుకున్నోళ్లు కూడ పడుతరు, దాని సంగతి కిందికి వస్తా.

ఇదేదో బైబిల్‌ల మాత్రమే ఉన్న ముచ్చట కాదు. అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిల వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు 1960ల చివర్ల, 70ల మొదట్ల చిన్నపిల్లలతోని ఒక పరీక్ష చేసిండు, చాలామంది వినే ఉంటరు. ఒక మిఠాయి ముందు పెట్టి, ఇప్పుడే తింటే ఇదొక్కటే, నేను వచ్చేదాక ఆగితే రెండు అన్నరు. ఆగిన పిల్లలు ఎట్ల ఆగిండ్రు అన్నదే నాకు ఇష్టమైన భాగం. మిఠాయి దిక్కు గుడ్లప్పగించి చూసుకుంట మనసు గట్టిచేసుకున్నోళ్లు కాదు, కండ్లు మూసుకున్నరు, అటు తిరిగి కూసున్నరు, పాటలు పాడుకున్నరు. ఆ పరీక్షను పట్టుకొని చిన్నప్పుడు ఆగినోళ్లే పెద్దయినంక గొప్పోళ్లు అయితరు అని మోటివేషన్ స్పీకర్లు మస్తు చెప్పిండ్రు గని, 2018ల ఇంకొందరు ఎక్కువమంది పిల్లల లెక్కలు తీసి చూస్తే, ఇంటి పరిస్థితి, తల్లి చదువు గిట్ల అన్నీ కలిపి లెక్కేసినంక ఆ సంబంధం చాలావరకు చిన్నగైపోయింది. అది కూడ మన పాస్టర్లు వినాలె. రేపు దొరుకుతదో లేదో తెల్వనోడు ఇయ్యాల్నే తింటడు. అడ్డా మీద కూలికి నిలబడేటోనికి నిగ్రహం లేదు అని ఏసీ కార్ల నుంచి దిగి చెప్పుడు శాన అల్కగ ఉంటది.

మా బావ ఒకాయన ఉన్నడు, ఒకప్పుడు బాగ తాగేటోడు, ఇప్పుడు ముట్టడు. ఆయన సాక్ష్యం ఎన్నడూ చెప్పలే, అడిగినా చెప్పడు. కని దావత్‌లకు ఎట్ల పోతడో నేను గమనించిన. పెండ్లాం పిల్లలతోనే పోతడు, ఒక్కడే పోడు. సొంత బండి మీదనే పోతడు, ఇంకోని కార్ల ఎక్కడు, ఎందుకంటే లేసి రావాలంటే వాళ్ల కోసం ఆగాలె. పోంగనే ఆకలి మీద ఉండకుండ మొదటి పంక్తిలనే తింటడు, పిల్లల కాడ కూసుంటడు, మేడ మీదికి బాటిళ్లు ఎక్కుతున్నయ్ అని తెలిసిందంటే చెప్పాపెట్టకుండ మాయం. దసరాకు మా ఊర్ల ఏమైతదో మీకు తెలుసు, సుక్క ముక్క లేకుంటే పండుగనే కాదంటరు, ఆ రోజు పొద్దుగాల్నే అత్తగారి ఊరికి బండి కడ్తడు. ఒకాయన ఎక్కిరించిండు, అంత భయమైతే నీది ఏం విశ్వాసం రా అని. బావ "భయమే అన్నా" అన్నడు, నవ్విండు, బండి స్టార్ట్ చేసిండు. నన్నడిగితే ఆ భయంల ఉన్నంత వేదాంతం మన కన్వెన్షన్ ప్రసంగాలల్ల లేదు.

నా మట్టుకు నాది మాటల రోగం, మందు కాదు. మా చర్చి వాట్సాప్ గ్రూప్‌ల ఎవడన్న తిక్క మెసేజ్ పెడితే వేళ్లు గుంజుతయ్. అందుకే రాత్రి భోజనం అయినంక ఫోన్ వంటింట్ల ఫ్రిజ్ మీద పడ్తది, పొద్దుగాల వాక్యం చదివి చాయ్ తాగేదాక దాన్ని ముట్టుడు లేదు. రాత్రి రాయాలనుకున్న జవాబు పొద్దుగాల చూస్తే సగం సార్లు రాయబుద్ధి కాదు. మిగిలిన సగం సార్లు రాస్త, కని జర తక్వ కారంతోని రాస్త.

ఇదంతా ఒక యూత్ మీటింగ్‌ల చెప్తే ఒక తమ్ముడు లేసి మంచి ప్రశ్న అడిగిండు. "అన్నా, ఇయ్యన్నీ దేవుణ్ని నమ్మనోడు కూడ చెయ్యొచ్చు గదా, యూట్యూబ్‌ల చెప్పే టిప్స్ లెక్కనే ఉన్నయ్, ఇందుల క్రీస్తు ఏడున్నడు?" నిజమే, చెయ్యొచ్చు, చేస్తున్నరు కూడ, చాలామంది మనకంటె మంచిగ చేస్తున్నరు. ఒక్క నిగ్రహాన్నే చూసి వీడు క్రైస్తవుడు అని చెప్పలేం. కొలస్సీ రెండుల పౌలు ఇదే మాట చాలా కటువుగ చెప్తడు, చేతపట్టవద్దు, రుచి చూడవద్దు, ముట్టవద్దు అనే రూల్స్ చూడనీకి జ్ఞానం లెక్కనే కనపడుతయ్ గని శరీరేచ్ఛలను ఆపుడుల ఎందుకూ పనికిరావు అని. యేసు చెప్పిన ఖాళీ ఇంటి కథ కూడ ఉంది, ఒక మనిషిల నుంచి దయ్యం పోయింది, ఆ మనిషి అనే ఇల్లు ఊడ్చి సర్ది పెట్టిండ్రు, కని లోపల ఎవరూ లేరు, అది ఇంకో ఏడు దయ్యాలను తోలుకొని వచ్చింది, మొదటికంటె కడపటి స్థితి అధ్వానమైంది.

ఆ ఖాళీ ఇండ్లను నేను కండ్లార చూసిన. శ్రమకాలం వచ్చిందంటే, భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాక ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు, ఆ నలభై రోజులు మాంసం ముట్టని, ఒంటిపూట తినే, చెప్పులు కూడ ఏసుకోని ఒక పెద్దమనిషి ఉండే. ఆయన భార్య, నేను ఆమెను పెద్దమ్మ అంట, ఒకసారి మా అమ్మతోని మెల్లగ అన్నది: "ఆయనకు శ్రమకాలం ఏమో గని బిడ్డా, మాకైతే నిజంగ శ్రమలే." ఆకలికి ఆయనకు కోపం వస్తది, చాయ్ల చక్కెర తక్వైతే గిలాస ఇసురుతడు, పిల్లలు బిక్కుబిక్కుమంటరు. చర్చిల మాత్రం నిష్ఠగల మనిషి అని పేరు. యెషయా 58ల దేవుడు ఈ పెద్దమనుషులతోనే మాట్లాడిండు, మీరు కలహపడుచు వివాదము చేయుచు ఉపవాసముందురు అని.

తమ్మునికి నేను చెప్పింది ఏందంటే, క్రీస్తు ఏడున్నడు అంటే, ఎవరి కోసం మానుతున్నవ్ అన్న కాడ ఉన్నడు. పౌలు 1 కొరింథీ 9ల ఆటల పందెంల పోటీపడేటోడు అన్ని విషయాలల్ల మితంగ ఉంటడు, నా శరీరమును నలగగొట్టి లోపరచుకొనుచున్నాను అని రాసిండు, అది అందరికీ కంఠతా వస్తది. దాని ముందు అధ్యాయంల ఏముందో చూడరు. భోజనపదార్థం వల్ల నా సహోదరునికి అభ్యంతరం కలిగితే, అంటే వాడు దానివల్ల పడిపోతే, నేను ఎన్నటికీ మాంసం తినను అని ఉంది. అంటే ఆయన నిగ్రహానికి కారణం పక్కన బలహీనంగ ఉన్న తమ్ముడు. నా రికార్డు పాడు కావద్దని మానుకుంటే అది అహం. నా కేకలకు ఇంట్ల బిడ్డ ఉలిక్కిపడుతుంది అని నోరు పట్టుకుంటే, ఆ బిడ్డ మొఖం చూసి దేవుణ్ని అడిగితే, అప్పుడు ఆ ఇంట్ల ఎవరో ఉన్నట్టు. లిస్టుల మొదటిది ప్రేమ, ఆఖరిది ఇది, ఒకే చెట్టువి. మొదటిది లేకుండ ఆఖరిది తెంపుకొచ్చుకోలేం.

ఇగ పడిపోయినోళ్ల సంగతి. ఇదే నాకు అన్నిటికంటె ఎక్కువ మండే విషయం.

మనం ఏం చేస్తున్నమంటే, తాగుడు మానిన రెండో వారమే మైకు ఇస్తున్నం. జనం చప్పట్లు, హల్లెలూయలు, వీడియో తీసి యూట్యూబ్‌ల పెట్టుడు. రెండు నెలలకు వాడు ఏదో పెండ్లిల పడతడు, ఇది శాన మామూలుగ జరిగేదే. అప్పుడు వాడు చర్చికి ఎట్ల రావాలె? ఏ మొఖం పెట్టుకొని? వీడియో ఉన్నది, ఊరంతా చూసింది. రాడు. తాగినందుకు పోయిన మనిషి కాదు వాడు, సాక్ష్యం చెప్పినందుకు పోయిండు. అమెరికాల 1935ల మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానుకునేటోళ్ల గుంపు వాళ్లకు పేర్లు బయటపెట్టకుండ, ఈ ఒక్క రోజుకు అనుకుంట, పడితే మళ్ల రా అనుకుంట నడవాలె అన్న ఇంగితం ఉంది. పేతురు అంత పెద్ద మాట జారినంక ప్రభువు ఆయనకు మైకు ఇయ్యలే, సముద్రం ఒడ్డున చేపలు కాల్చి తినిపించిండు, తిన్నంక నన్ను ప్రేమిస్తున్నవా అని మూడుసార్లు అడిగిండు.

దీంతోని ఇంకో ప్రమాదం ఉంది, ఇది పాస్టరయ్యలు, సంఘపెద్దలు తప్పకుండ చదవాలె. ఏండ్ల తరబడి రోజూ గట్టిగ తాగినోడు ఒక్కసారే మొత్తం బంద్ చేస్తే మొదటి కొన్ని రోజులల్ల చేతులు వణుకుతయ్, చెమటలు కారుతయ్, ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనపడుతరు, లేని పురుగులు పాకుతయ్ అంటడు. అది దయ్యం కాదు. మందుకు అలవాటు పడ్డ మెదడు ఒక్కసారే అది అందక చేసే గత్తర, ట్రీట్‌మెంట్ లేకుంటే ప్రాణం పోవచ్చు. అట్లాంటి మనిషిని మూడు రోజుల ఉపవాస ప్రార్థనల కూసోబెట్టి తలుపు పెట్టుడు కంటె పెద్దాసుపత్రిల సైకియాట్రీ డాక్టర్ కాడికి తోలుకపోయి, బయట బెంచి మీద కూసొని ప్రార్థన చెయ్యుండ్రి. దేవునికి వినపడుతది. సువార్త రాసిన లూకా కూడ వైద్యుడే.

చట్టంతోని బంద్ చేస్తే అయితదా అంటే అది కూడ చూసినం. నెల్లూరు దూబగుంట ఆడోళ్లు మొదలుపెట్టిన సారా లొల్లి 1992ల రాష్ట్రమంతా పాకింది, 1993ల సారా బంద్ అయింది, 1995 జనవరిల మొత్తం మందే బంద్ అయింది, 1997ల మళ్ల తెరిచిండ్రు. ఆ రెండేండ్లు కొన్ని ఇండ్లల్ల అన్నం ఉడికింది అని మా నాయనమ్మ అనేది, కాబట్టి అది దండగ అని నేను అనను. గుడుంబ బట్టీలు కూడ అప్పుడే జోరుగ నడిచినయ్ అని కూడ ఆమెనే అనేది. దుకాణం దూరం అయితే బలహీనునికి ఆసరా అయితది, అది గూడ ఒక గోడనే. ఇప్పుడు ఏ పల్లెకు పోయినా బెల్టు షాపు ఇంటికి అడుగు దూరంల ఉంటే వాని నిగ్రహం గురించి మనం ప్రసంగం చెప్పుడు జర సిగ్గు పడాల్సిన ముచ్చట. సంఘం పోయి ఎమ్మార్వో కాడ ఆ బెల్టు షాపు మీద అర్జీ పెడితే అది కూడ ఆశానిగ్రహ పరిచర్యనే అంట నేను.

అపొస్తలుల కార్యాల 24ల ఫేలిక్సు అని ఒక అధికారి ఉన్నడు. పౌలు జైల్ల ఉండి ఆయనకు నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి చెప్తుంటే ఆయనకు భయమేసింది, ఇప్పటికి పో, టైం దొరికినప్పుడు పిలిపిస్త అన్నడు. మళ్ల పిలిపిచ్చిండు కూడ, మాటిమాటికి, ఎందుకంటే పౌలు ఏమన్న లంచం ఇస్తడేమో అని ఆశ. నిగ్రహం గురించి ప్రసంగం వినుకుంటనే పైసల కోసం చూసిండు. ఈ కథ మీద నేను మా దిక్కు ఒక్కసారి కూడ ప్రసంగం వినలే, ఎందుకో మీరే ఆలోచించుండ్రి.

నేనైతే మా పాస్టరేట్ కమిటీకి ఒకటే అడిగిన, ఇంకా జవాబు రాలే. ఎండాకాలం పెండ్లిళ్ల సీజన్ వస్తుంది. ప్రతి పెండ్లిల మందు మానిన మన తమ్ముళ్లు ముగ్గురో నలుగురో ఉంటరు, రాత్రి తొమ్మిది దాటినంక వాళ్లకు ఆ పందిట్ల నిలబడుడు కష్టం. సంఘం తరఫున ఒక ఆటో మాట్లాడి పెడదాం, తొమ్మిదింటికి ఎవరు లేసినా ప్రశ్నలు అడగకుండ ఇండ్ల కాడ దించుదాం, ఆటో పైసలు కానుకల నుంచి ఇద్దాం. సౌండ్ బాక్సులు మార్చుడుకు పెట్టిన బడ్జెట్‌ల ఇది ఎంత. హన్మకొండ, కాజీపేట దిక్కు ఆటో నడిపే విశ్వాసులు ఎవరన్న ఉంటే, శని ఆదివారాలు రాత్రి పూట రాగలిగితే, మీ చర్చి పెద్దలకు ఒక మాట చెప్పి పెట్టుండ్రి.